శాసనం అంచు, ఛాయాచిత్రం అంచు: నల్లగొండ, మహబూబ్‌నగర్ శాసనాల నమోదులో రా, జేపెగ్ ఫైళ్ల ఫ్రేమ్ భేదం

వ్యాససంగ్రహం

శాసనాన్ని ఫొటో తీసిన క్షణంలోనే కెమెరా రెండు ఫైళ్లను భద్రపరచగలదు. ఒకటి సెన్సర్ అందించిన ముడి సమాచారం ఉండే రా ఫైలు. రెండవది ఆ సమాచారాన్ని కెమెరా తానే సంస్కరించి, కుదించి ఇచ్చే జేపెగ్ ఫైలు. రంగులోను, స్పష్టతలోను వీటి మధ్య ఉండే తేడా అందరికీ తెలిసినదే. రెండింటిలో కనిపించే శిలాభాగం కూడా అన్నివేళలా ఒక్కటి కాదన్నది శాసన పాఠకునికి అంతకన్నా ముఖ్యమైన విషయం. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల శాసనాలను ఆధారంగా తీసుకొని, ప్రతిలేఖనం నుంచి డిజిటల్ ఫొటో దాకా శాసనపు అంచును ఎవరు, ఎలా నిర్ణయిస్తూ వచ్చారో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఫొటో అంచును నిర్ణయించడం పాఠనిర్ణయంలో భాగమని, ఆ పనిని తెలియకుండా కెమెరాకు వదిలివేయరాదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శాసనం, ఎస్టాంపేజి, ఛాయాచిత్రం, రా ఫైలు, జేపెగ్, ఫ్రేమ్, పాఠపరిష్కారం, నల్లగొండ, మహబూబ్‌నగర్.

1. ప్రవేశిక

తాళపత్ర ప్రతిని పరిష్కరించేటప్పుడు అంచుల్లో చెదలు తిన్న భాగాన్ని, విరిగిన కొనను, చిల్లిని పరిష్కర్త విధిగా పేర్కొంటాడు. అక్షరం లేకపోవడం వేరు, ఉన్న అక్షరం పోవడం వేరు. ఈ వివేకం పాఠపరిష్కారానికి పునాది. శాసన పరిష్కారంలోనూ ఇదే నియమం. పంక్తి చివర అక్షరం కనిపించనప్పుడు అక్కడ రాయి విరిగిందా, అరిగిందా, లేక లేఖకుడు అక్కడితో ఆపాడా అన్నది తేల్చిన తరువాతనే పాఠాన్ని పూరించాలి.

నేడు శాసనం పరిశోధకుని బల్ల మీదికి ఎక్కువగా ఫొటో రూపంలోనే వస్తున్నది. దానితో పై మూడు కారణాలకు నాలుగవది చేరింది: అక్షరం రాతి మీద ఉన్నది, ఫొటోలో లేదు. ఫొటో తీసినవారి పొరపాటు వల్ల ఇలా జరిగితే సాధారణంగా గుర్తించవచ్చు. తీసినవారు సరిగానే తీసినా కెమెరాలోని ప్రక్రియ అంచును కత్తిరించినప్పుడు గుర్తించడం కష్టం. రా, జేపెగ్ ఫైళ్ల ఫ్రేమ్ భేదం ఈ రెండవ కోవకు చెందినది.

ఈ వ్యాసంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ అన్న పేర్లను 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందున్న ఉమ్మడి జిల్లాల అర్థంలో వాడుతున్నాను. శాసన సంపుటాలు, పాత ఛాయాచిత్రాల శీర్షికలు ఆ పేర్లతోనే ఉండటం దీనికి కారణం.

2. ప్రతిలేఖనం నుంచి ఛాయాచిత్రం దాకా

2.1 చూచి రాసిన ప్రతి

కాలిన్ మెకంజీ (1754–1821) కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారితోపాటు పనిచేసిన పండితులు శాసనాలను చూచి ప్రతులు రాసేవారు. చూచి రాసిన ప్రతిలో అంచు నిర్ణయం పూర్తిగా లేఖకునిదే. అతడు చదవగలిగినది ప్రతిలోకి వచ్చింది, చదవలేనిది జారిపోయింది. రాతి ఆకారం, విరుపు, ఖాళీ జాగా ఇవన్నీ ప్రతిలోకి రావాలన్న నియమమేదీ అప్పటికి లేదు. అయితే ఆ ప్రతిని వాడే నేటి పరిశోధకుడు దానిని ఒక మనిషి చేతిరాతగానే చూస్తాడు. అందువల్ల అనుమానించవలసిన చోట అనుమానిస్తాడు.

2.2 ఎస్టాంపేజి

తరువాతి దశ ఎస్టాంపేజి. రాతిని శుభ్రం చేసి, తడిపిన కాగితాన్ని దానిమీద పరచి, అక్షరాల గాళ్లలోకి దిగేట్టు బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దుతారు. నల్లని నేల మీద అక్షరాలు తెల్లగా తేలుతాయి. ఇందులో రాయి, కాగితం ఒకదానినొకటి తాకుతాయి కనుక కొలత మారదు. కాగితం రాతికన్నా పెద్దదైతే రాతి అంచు కూడా ముద్రలో పడుతుంది. పెద్ద శాసనానికి పలు కాగితాలు కావలసి వచ్చినప్పుడు ఒకదాని అంచు మరొకదాని మీదికి వచ్చేట్టు పరుస్తారు. అంటే అంచు ప్రాముఖ్యం ఈ పద్ధతిలోనే ఇమిడి ఉన్నది.

1914లో ఏర్పడి గులాం యజ్దానీ నాయకత్వంలో పనిచేసిన హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ, కొమర్రాజు లక్ష్మణరావు పేరిట ఏర్పడిన లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాలను వెలుగులోకి తెచ్చాయి. మండలి ‘తెలంగాణ శాసనములు’ మొదటి సంపుటాన్ని 1935లో ప్రచురించింది. రెండవ సంపుటం 1960లో వెలువడింది. అలంపురాన్ని కార్యక్షేత్రంగా చేసుకొన్న గడియారం రామకృష్ణశర్మ, నల్లగొండ జిల్లా చరిత్రను గ్రామగ్రామాన తవ్వి తీసిన బి.ఎన్. శాస్త్రి వంటివారి కృషి ఈ పరంపరలోనిదే.

2.3 గాజుపలక, కాగితపు ప్రతి

శాసనాన్ని ఫొటో తీయడంలోని చిక్కును తొలినాడే ఎదుర్కొన్నవాడు లిన్నేయస్ ట్రైప్. మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారునిగా 1858లో అతడు తంజావూరు బృహదీశ్వరాలయ విమానపు అధిష్ఠానం మీది శాసనాన్ని వరుసగా ఫొటోలు తీసి, 21 ప్రతులను అంచుకు అంచు కలిపి దాదాపు 19 అడుగుల పొడవైన ఒకే చిత్రంగా కూర్చాడు. ఇలాంటి కూర్పులో ఏ ఒక్క ఫొటో అంచు తగ్గినా పంక్తి తెగిపోతుంది. శాసన ఛాయాచిత్రానికి అంచే ప్రాణమని చెప్పడానికి ఇంతకన్నా పాత నిదర్శనం అక్కరలేదు.

నిజాం రాజ్యంలో ఆస్థాన ఛాయాచిత్రకారునిగా పేరొందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలానికి గాజుపలక నెగటివ్ వాడుకలో ఉన్నది. పాలమూరుకు ఏ ఆరవ నిజాం పేరు వచ్చిందో, దీన్‌దయాళ్‌కు ఆశ్రయమిచ్చినదీ ఆ మహబూబ్ అలీఖానే. నాటి పద్ధతిలో గాజుపలక మీద పడినదంతా కాగితపు ప్రతిలోకి రావాలని లేదు. ప్రతిని అట్టకు అతికించే ముందు అంచులను కత్తిరించి చక్కజేయడం సర్వసాధారణం. అందువల్ల పాత ఫొటోను ఆధారంగా తీసుకొనేవారు వీలైతే నెగటివ్‌ను చూడాలని కోరుకొంటారు. రా ఫైలుకు, జేపెగ్ ఫైలుకు ఉన్న సంబంధం స్థూలంగా ఇటువంటిదే. అడోబీ సంస్థ 2004లో రా ఫైళ్ల కోసం రూపొందించిన డీఎన్‌జీ అనే పేరుకు డిజిటల్ నెగటివ్ అన్నదే విస్తరణ. భేదమల్లా ఒక్కటే: కాగితాన్ని కత్తిరించినవాడు కత్తెర పట్టిన మనిషి, జేపెగ్‌ను కత్తిరించేది కెమెరాలోని ప్రోగ్రాము.

3. శాసనంలో అంచు చెప్పే సంగతులు

కాకతీయ యుగపు శిలాశాసనాల్లో పైభాగాన సూర్యచంద్రులు, శివలింగం, ఆవుదూడ వంటి గుర్తులు తరచుగా కనిపిస్తాయి. చివర శాపోక్తులు ఉంటాయి. నాలుగు పలకల స్తంభమైతే పాఠం ఒక ముఖం నుంచి మరొక ముఖానికి సాగుతుంది. శాసన లేఖకులు పంక్తి చివర మాటను ఎక్కడ పడితే అక్కడ విరిచి తరువాతి పంక్తిలో కొనసాగిస్తారు. కాబట్టి పంక్తి చివరి అక్షరం పోవడమంటే తరచుగా మాట నడుమ అక్షరం పోవడమే.

కాలనిర్ణయంలో దీని ప్రభావం ఎంతటిదో చందుపట్ల శాసనంతో చూడవచ్చు. నకిరేకల్ సమీపంలోని చందుపట్లలో లభించిన ఈ శాసనం రాణి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోక ప్రాప్తి పొందారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి దానం చేశాడని తెలుపుతుంది. తేదీ శక సంవత్సరం 1211, విరోధి, అనగా క్రీ.శ. 1289 నవంబరు 27. రుద్రమదేవి మరణకాలాన్ని చరిత్రకారులు నిర్ధారించింది ఈ ఒక్క శిల ఆధారంగానే.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. ఇటువంటి శాసనపు ఫొటోలో శక సంవత్సరపు చివరి అంకె ఉన్న అంచు తెగిపోయిందనుకొంటే మనకు మిగిలేది 1210 నుంచి 1219 దాకా పదేళ్ల వ్యవధి. సంవత్సరం పేరు ‘విరోధి’ అని ఉన్నది కనుక 1211 అని మళ్లీ నిర్ణయించుకోవచ్చు. ఆ పేరు కూడా అంచున ఉండి, దాని తరువాతి రాతిభాగం ఫొటోలో లేకపోతే? షష్టి సంవత్సరాల్లో విరోధి 23వది, విరోధికృత్తు 45వది. రెండింటికీ మొదటి మూడక్షరాలు ఒకటే, నడుమ అంతరం 22 ఏళ్లు. ‘విరోధి’ తరువాత రాతిపై ఖాళీ ఉన్నదని కంటితో చూడగలిగితేనే ఆ మాట అక్కడితో ముగిసిందని చెప్పగలం. చందుపట్ల పాఠంలో ఇటువంటి సందిగ్ధం ఉన్నదని దీని భావం కాదు. అక్షరాలు లేని అంచు కూడా సాక్ష్యమే అనడానికి ఇది ఉదాహరణ.

రాగిశాసనాల విషయం మరికొంత భిన్నం. రామన్నపేట ప్రాంతంలోని తుమ్మలగూడెం (ఇంద్రపాలనగరం)లో దొరికిన రెండు విష్ణుకుండిన తామ్రశాసనాలను బి.ఎన్. శాస్త్రి 1965లో ‘భారతి’ ద్వారా లోకానికి పరిచయం చేశారు. వాటిలో విక్రమేంద్ర భట్టారకవర్మ శాసనానికి శక సంవత్సరం 488 (క్రీ.శ. 566) అన్న కాలం ఉండటం విష్ణుకుండినుల వంశక్రమాన్ని, కాలాన్ని సరిదిద్దుకోవడానికి ఆధారమైంది. తామ్రశాసనాల్లో రేకుల అంచు, కడియం దూర్చిన రంధ్రం, కడియం మీది ముద్ర రేకుల క్రమాన్ని, శాసనం ప్రామాణికతను నిర్ణయించడానికి పనికివస్తాయి. అక్షరాలు మాత్రమే కనిపించేట్టు దగ్గరగా తీసిన ఫొటో పాఠాన్ని ఇవ్వగలదు గాని శాసనాన్ని ఇవ్వలేదు.

4. రా, జేపెగ్ ఫైళ్లలో ఫ్రేమ్ ఎక్కడ మారుతుంది?

4.1 సెన్సర్ అంచు

డిజిటల్ సెన్సర్ మీది ప్రతి పిక్సెల్ ఒక్క రంగు కాంతినే కొలుస్తుంది. కోడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంటు పొందిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ల అమరిక నేటికీ అధిక భాగం కెమెరాలకు ఆధారం. తక్కిన రెండు రంగులను పొరుగు పిక్సెళ్లను బట్టి లెక్కకట్టాలి. అంచున ఉన్న పిక్సెల్‌కు ఒకవైపు పొరుగు ఉండదు. కనుక కెమెరా ఆ అంచు వరుసలను లెక్కకు వాడుకొని, తుది చిత్రంలో వదిలివేస్తుంది. ఇవిగాక నలుపు స్థాయిని నిర్ణయించడానికి కాంతి తగలకుండా కప్పి ఉంచిన వరుసలు కూడా సెన్సర్ చుట్టూ ఉంటాయి. కెమెరా వివరాల్లో మొత్తం పిక్సెళ్లు, ఉపయుక్త పిక్సెళ్లు అని రెండు సంఖ్యలు కనిపించడానికి కారణాల్లో ఇదొకటి.

రా ఫైలులో చాలావరకు ఈ అంచు వరుసలు కూడా ఉంటాయి. ఎంత భాగం చూపాలన్నది ఫైలులోనే ఒక సూచనగా నమోదై ఉంటుంది. ఆ సూచనను కొన్ని సాఫ్ట్‌వేర్లు పాటిస్తాయి, కొన్ని మరికొంత ఎక్కువ చూపుతాయి. అందుకే ఒకే రా ఫైలు రెండు సాఫ్ట్‌వేర్లలో రెండు కొలతలతో తెరుచుకోవచ్చు. ఈ తేడా సాధారణంగా కొద్ది పిక్సెళ్లే.

4.2 లెన్స్ వక్రత సవరణ

ఇంతకన్నా పెద్ద తేడా లెన్స్ వల్ల వస్తుంది. వెడల్పు కోణం లెన్స్ సరళరేఖలను వెలుపలికి ఉబ్బినట్టు చూపుతుంది. దానిని సవరించేటప్పుడు చిత్రపు మూలలను బయటికి లాగవలసి వస్తుంది. లాగిన చిత్రాన్ని మళ్లీ దీర్ఘచతురస్రంలో ఇమిడ్చినప్పుడు మూలల్లోని కొంత భాగం ఫ్రేమ్ దాటి పోతుంది. 2008లో వచ్చిన పానాసోనిక్ ఎల్‌ఎక్స్3 నాటి నుంచి చిన్న కెమెరాల్లో ఈ సవరణను ముందే లెక్కలో ఉంచుకొని లెన్సులు తయారుచేయడం మామూలైంది. నేటి ఫోన్లలోనూ అంతే. సవరణ జరిగిన తరువాతి రూపం జేపెగ్. సవరణకు ముందున్న దృశ్యం, సవరణ సూచనలు విడివిడిగా ఉండేది రా.

ఇరుకు గర్భాలయంలోనో, మండపపు మూలలోనో ఉన్న శాసనాన్ని వెనక్కు జరిగి తీయడానికి చోటుండదు. అక్కడ వెడల్పు లెన్సే దిక్కు. అంటే ఫ్రేమ్ నష్టం ఎక్కువగా జరిగేది సరిగ్గా ఫ్రేమ్ చాలని చోటనే.

4.3 నిష్పత్తి ఎంపిక

4000 × 3000 పిక్సెళ్ల కెమెరాలో 16:9 నిష్పత్తిని ఎంచుకొంటే జేపెగ్ 4000 × 2250 అవుతుంది. నాలుగవ వంతు పోయినట్టే. చాలా కెమెరాల్లో రా ఫైలు మాత్రం సెన్సర్ చూసినదంతా ఉంచుకొని, కత్తిరింపును సూచనగా మాత్రమే రాసుకొంటుంది. కొన్ని కెమెరాలు రా ఫైలును కూడా కత్తిరిస్తాయి. ఒకటిన్నర మీటరు ఎత్తున్న శిల 3000 పిక్సెళ్లలో సరిగ్గా పట్టిందనుకొంటే, నిష్పత్తి మారగానే పైన సుమారు 19, కింద సుమారు 19 సెంటీమీటర్లు ఫ్రేమ్ నుంచి తొలగిపోతాయి. పైన ఉండేవి సూర్యచంద్రులు, కింద ఉండేవి శాపోక్తులు.

4.4 తీసిన తరువాత

జేపెగ్ ప్రమాణం 1992 నాటిది. అందులో చిత్రం 8 × 8 పిక్సెళ్ల గడులుగా విభజించబడుతుంది. రంగు సమాచారాన్ని సగానికి కుదించే సాధారణ అమరికలో ఈ గడులు 16 × 16 సముదాయాలుగా పనిచేస్తాయి. నాణ్యత తగ్గకుండా జేపెగ్‌ను తిప్పే కొన్ని ప్రోగ్రాములు పూర్తి సముదాయం కాని అంచును తుంచివేసే ఎంపికతో వస్తాయి. 3000ను 16తో భాగిస్తే 8 మిగులుతుంది. పై ఉదాహరణలోని శిలకు ఒక్కో పిక్సెల్ అర మిల్లీమీటరు కనుక 8 పిక్సెళ్లంటే 4 మిల్లీమీటర్లు. శిల మీద ఒక ఉలిగీత వెడల్పు అంతే ఉండవచ్చు. పంక్తి చివరి సున్న, దీర్ఘం, తలకట్టు పోవడానికి అది చాలు.

ఆ జేపెగ్ వాట్సాప్‌లో ఫొటోగా చేతులు మారినప్పుడు పరిమాణం మరింత తగ్గి, తీసిన తేదీ, కెమెరా, కొలతల వివరాలు కూడా తొలగిపోతాయి. అప్పుడు అసలు ఫ్రేమ్ ఎంతో తెలుసుకొనే దారి మూసుకుపోతుంది.

5. రా ఫైలే సత్యమా?

పై చర్చను బట్టి రా ఫైలే శాసనమని అనుకోవడం పొరపాటు. మొదటిది, రా ఫైలును ఎవరూ నేరుగా చూడలేరు. తెర మీద కనిపించేది ఏదో ఒక సాఫ్ట్‌వేర్ చేసిన వ్యాఖ్యానమే. చాలా ప్రోగ్రాములు వేగం కోసం రా ఫైలులోనే ఇమిడి ఉన్న చిన్న జేపెగ్‌ను చూపుతాయి. రా చూస్తున్నామనుకొని జేపెగ్‌నే చూస్తున్నవారు తక్కువేమీ కాదు. రెండవది, సవరించని దృశ్యంలో అంచులు ఎక్కువగా ఉన్నా కొలతలు వంకరగా ఉంటాయి. అక్షర పరిమాణాన్ని, పంక్తుల నడుమ దూరాన్ని కొలవాలంటే వక్రత సవరించిన చిత్రమే నయం. మూడవది, కంపెనీకొక రా రూపం ఉన్నది. ముప్పై ఏళ్ల తరువాత వాటిలో ఏది తెరుచుకొంటుందో హామీ లేదు. జేపెగ్ ఎక్కడైనా తెరుచుకొంటుంది. రాతి అంచుకు రా, కొలతకు, వాడుకకు జేపెగ్, ఇలా రెండింటికీ వేర్వేరు ప్రయోజనాలున్నాయి. ఒకదానిని తీసివేసి మరొకదానిని ఉంచుకొనే అలవాటే మార్చుకోవలసినది.

శిల అక్కడే ఉంటుంది, కావాలంటే మళ్లీ వెళ్లి తీయవచ్చు గదా అన్న ప్రశ్న సహజం. ఈ రెండు జిల్లాల అనుభవం దీనికి సమాధానం చెబుతుంది. కృష్ణ ఒడ్డున నల్లగొండ వైపున్న ఏలేశ్వరం నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయింది. ముంపుకు ముందు రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. అబ్దుల్ వహీద్ ఖాన్ రాసిన నివేదిక 1963లో వెలువడింది. శ్రీశైలం జలాశయం వల్ల మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణా, తుంగభద్రా తీరాల ఆలయాలకు అదే గతి పట్టగా, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. విప్పి పేర్చిన గుడిలో ఒక రాతికి పక్కన పూర్వం ఏ రాయి ఉండేదో అడిగితే చెప్పగలిగినవి పాత ఫొటోలు, నాటి కొలతల పటాలే. మునిగిన ఊరి విషయంలో ఫొటో అంచే ఊరి అంచు. దాని అవతల ఏమున్నదో చూడటానికి వెళ్లే దారి నీళ్ల అడుగున ఉన్నది.

ముంపు ఒక్కటే కాదు. పొలం గట్టున నిలిచిన శాసనం రోడ్డు వెడల్పులో జరగవచ్చు, గుడి బాగుచేతలో సున్నం, రంగు కిందికి పోవచ్చు, సిమెంటు గద్దెలో సగం పూడిపోవచ్చు. మనం ఈ రోజు తీసే ఫొటో చివరి ఫొటో కాదని చెప్పగల పరిశోధకుడెవరూ లేరు.

6. క్షేత్రపరిశోధకునికి కొన్ని సూచనలు

(అ) ప్రతి శాసనానికి రా, జేపెగ్ రెండూ ఒకేసారి నమోదయ్యే అమరికను ఎంచుకోవాలి. నిష్పత్తిని సెన్సర్ సహజ నిష్పత్తిగానే ఉంచాలి.

(ఆ) మొదటి ఫొటోలో శిల నాలుగు అంచులకు వెలుపల కొంత నేలో, గోడో కనిపించాలి. దగ్గరి ఫొటోలు ఆ తరువాత. ముక్కలుగా తీసేటప్పుడు ఒకదానిలోని చివరి అక్షరాలు పక్కదానిలో మొదట రావాలి.

(ఇ) కొలబద్దను ఫ్రేమ్ అంచున కాక శిలను ఆనుకొని లోపలి వైపు పెట్టాలి. అంచున పెట్టినది సవరణలో సాగిపోవచ్చు, తెగిపోవచ్చు.

(ఈ) తన కెమెరా ఎంత కత్తిరిస్తుందో పరిశోధకుడు ఒకసారి ఇంటి దగ్గరే పరీక్షించుకోవాలి. గోడకు టేపు సాగదీసి కట్టి, రా, జేపెగ్ రెండింటిలో తీసి, సెంటీమీటరు గుర్తులు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కనిపిస్తున్నాయో సరిచూస్తే చాలు. ప్రతి లెన్సుకు, జూమ్ స్థాయికి ఈ పరీక్ష వేరుగా చేయాలి. అద్దంలో చూసి తీసే కెమెరాల్లో చవక రకాల వ్యూఫైండరు ఫ్రేమ్‌లో 95 శాతమే చూపుతుందన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

(ఉ) పాఠంలో లోపాన్ని సూచించేటప్పుడు ‘శిల విరిగినది’, ‘అరిగినది’ అన్న వాటితో పాటు ‘ఫొటోలో లేదు’ అన్న సంకేతాన్ని వేరుగా వాడాలి. ఏ ఫైలును చూసి చదివారో కూడా పేర్కొనాలి.

(ఊ) ఫైలు పేరులో గ్రామంతో పాటు పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ చేర్చాలి. లేకుంటే పాత సంపుటాల్లోని శాసనంతో కొత్త ఫొటోను సరిపోల్చుకోవడం కష్టమవుతుంది.

7. ముగింపు

చూచి రాసిన ప్రతిలో అంచును లేఖకుడు నిర్ణయించాడు. ఎస్టాంపేజిలో కాగితం, కాగితపు ఛాయాచిత్రంలో కత్తెర నిర్ణయించాయి. వీటన్నింటి వెనుక నిర్ణయం తీసుకొన్న మనిషి ఉన్నాడు కనుక ఆ నిర్ణయాన్ని ప్రశ్నించే వీలు మనకు మిగిలింది. జేపెగ్ విషయంలో నిర్ణయం కెమెరా తయారైన చోటనే జరిగిపోయింది. అది తప్పుడు నిర్ణయమని కాదు. పెళ్లి ఫొటోకు, ఊరి జాతర ఫొటోకు అది చక్కగా సరిపోతుంది. పంక్తి చివరి అక్షరం మీద ఒక రాణి మరణతిథి, ఒక రాజవంశపు కాలక్రమం ఆధారపడే రంగంలో మాత్రం అది చాలదు.

తెలుగు శాఖల్లో పాఠపరిష్కారాన్ని బోధించేటప్పుడు తాళపత్రాల అంచుల గురించి విద్యార్థులకు చెబుతున్నాం. ఫైళ్ల అంచుల గురించి కూడా చెప్పవలసిన అవసరం వచ్చింది. జేపెగ్ మాత్రమే మిగిలిన శాసనాన్ని చదివేవారు ‘ఇక్కడ పంక్తి ముగిసింది’ అని రాసే ముందు ముగిసినది పంక్తియా, ఫొటోయా అని ఒక్కసారి ఆగి చూసుకోవాలి.